ఫ్రాన్స్ కాలువల్లో వారం రోజుల పడవ ప్రయాణం: కిలోమీటర్లు కాదు, లాకులు లెక్కపెట్టుకోండి

ఫ్రాన్స్‌లో పడవ అద్దెకు తీసుకుని, సరంగు లేకుండా మనమే నడుపుకుంటూ ఊరూరా తిరగొచ్చు. అందులోనే పడక, వంటగది, స్నానాల గది ఉంటాయి. 15 మీటర్లలోపు అద్దె పడవలకు లైసెన్సు అడగరు. బయల్దేరే ముందు కంపెనీ వాళ్లు గంటో గంటన్నరో నేర్పించి, ఆ అద్దె రోజులకు మాత్రమే చెల్లే ఒక కార్డు చేతిలో పెడతారు. మునుపెన్నడూ పడవ ముట్టనివాళ్లు కూడా ఇలాగే వెళ్తుంటారు.

నడపడం ఇష్టం లేకపోతే పాత సరుకుల పడవలను మార్చి తయారుచేసిన హోటల్ పడవలు ఉన్నాయి. వాటిలో వంటవాడు, గైడు, అందరూ ఉంటారు. ఖర్చు మాత్రం చాలా ఎక్కువ. ఈ వ్యాసం సొంతంగా నడుపుకునేవాళ్ల కోసం.

ముందుగా కాలువ ఎంచుకోండి

ఫ్రాన్స్ జలమార్గాలను చూసుకునే ప్రభుత్వ సంస్థ పేరు వోయీ నావిగాబ్ల్ ద ఫ్రాన్స్. పొట్టిగా వీఎన్ఎఫ్ అంటారు. దాని కింద సుమారు 6,700 కిలోమీటర్ల కాలువలు, నదులు ఉన్నాయి. అన్నీ చూద్దామని ఆశపడొద్దు. వారానికి ఒక కాలువలో ఒక ముక్క చాలు.

మొదటిసారి వెళ్లేవాళ్లకు నేను చెప్పేది దక్షిణాన ఉన్న కెనాల్ దు మిది. తులూజ్ నుంచి మధ్యధరా తీరంలోని 'తో' అనే సరస్సు దాకా 240 కిలోమీటర్లు. పియెర్-పోల్ రికే అనే ఉప్పు పన్నుల అధికారి 1666లో పని మొదలుపెట్టించాడు. 1681లో కాలువ తెరిచారు, కానీ అంతకు ఏడాది ముందే ఆయన చనిపోయాడు. 1996లో యునెస్కో వారసత్వ జాబితాలోకి ఎక్కింది. వాతావరణం బాగుంటుంది, ఊళ్లు దగ్గర దగ్గరగా ఉంటాయి, అద్దె కంపెనీలు కూడా ఎక్కువ.

బుర్గుండీ వైపు నివెర్నే కాలువ అందంలో దీనికి ఏమాత్రం తీసిపోదు, రద్దీ తక్కువ. తూర్పున మార్న్-రైన్ కాలువ మీద ఆర్జ్‌విలర్ దగ్గర ఒక వింత ఉంది: పడవను నీళ్లతో సహా పెద్ద తొట్టిలో పెట్టి, కొండవాలున పట్టాల మీద 44 మీటర్లకు పైగా దింపుతారు, ఎక్కిస్తారు. 1969లో అది వచ్చాక 17 లాకులు (నీటి మట్టం మార్చే తొట్లు) మూలనపడ్డాయి. లువార్ నది మీదుగా 662 మీటర్ల పొడవున కాలువనే వంతెనగా కట్టిన బ్రియార్ కూడా చూడాల్సిందే. ఇవి రెండోసారికి, మూడోసారికి దాచుకోండి.

అసలు లెక్క ఇది

చాలామంది ఇక్కడే బోల్తా పడతారు. మ్యాప్ చూసి, "వంద కిలోమీటర్లే కదా, రెండు రోజులు చాలు" అనుకుంటారు. కాలువలో వేగం గంటకు 6 నుంచి 8 కిలోమీటర్లు మించకూడదు. మించితే అలలకు గట్లు కోసుకుపోతాయి. దీనికి తోడు లాకులు. గోదావరి డెల్టా వాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు గానీ, తెలియనివాళ్ల కోసం: కాలువ మట్టం మారే చోట రెండు తలుపుల మధ్య పడవను పెట్టి, నీళ్లు నింపి పైకో, వదిలి కిందికో తీసుకెళ్లే తొట్టి అది. ఒక్కో తొట్టికి పావుగంట వేసుకోండి. ముందు వేరే పడవలుంటే ఇంకా ఎక్కువే పడుతుంది.

కిలోమీటర్లను ఆరుతో భాగించండి. లాకు తొట్లను నాలుగుతో భాగించండి. రెండూ కలిపితే గంటలు వస్తాయి.

బుర్గుండీ కాలువకు ఈ లెక్క వేసి చూడండి. 242 కిలోమీటర్లు, 189 లాకులు. ప్రయాణానికి 40 గంటలు, లాకులకు 47 గంటలు. ప్రయాణం కన్నా లాకుల్లో నిలబడేదే ఎక్కువ. రోజుకు ఐదు గంటలు నడిపితే రెండున్నర వారాలు కావాలి. అదే కెనాల్ దు మిదిలో త్రెబ్ నుంచి బెజియే దాటి పోర్ కసాఫియేర్ దాకా సుమారు 100 కిలోమీటర్లు, 30 దాకా తొట్లు. మొత్తం పాతిక గంటలు. వారంలో రోజుకు నాలుగు గంటల లోపే. మిగతా టైమంతా ఊళ్లు చూడ్డానికి, వండుకోవడానికి, ఊరికే కూర్చోవడానికి. రోజుకు ఐదు గంటలకు మించి వేసుకుంటే అది సెలవు కాదు, డ్యూటీ.

ఎప్పుడు వెళ్లాలి

సీజన్ ఏప్రిల్ నుంచి అక్టోబర్ దాకా. చలికాలంలో మరమ్మతుల కోసం కాలువలను మూసి, కొన్నిచోట్ల నీళ్లు తోడేస్తారు. జులై, ఆగస్టుల్లో ఎండ ఎక్కువ, అద్దె ఎక్కువ, లాకుల దగ్గర క్యూ ఎక్కువ. మే చివర, జూన్, సెప్టెంబర్ మంచివి. మే 1న లాకులు పనిచేయవని గుర్తుంచుకోండి. వర్షాలు తక్కువైన ఏడాది నీటి కొరతతో కొన్ని కాలువలు మధ్యలోనే మూతపడతాయి. 2022 కరువులో అదే జరిగింది. బయల్దేరే వారం ముందు వీఎన్ఎఫ్ వెబ్‌సైట్లో నోటీసులు చూసుకోండి.

బుకింగ్, వీసా

ల బోట్, లోకాబోట్, నికోల్స్ పెద్ద కంపెనీలు. చిన్న కంపెనీలు కూడా చాలా ఉన్నాయి. బుక్ చేసేముందు నాలుగు విషయాలు రాతపూర్వకంగా అడగండి: డీజిల్ విడిగానా (సాధారణంగా ఇంజన్ తిరిగిన గంటల లెక్కన వసూలు చేస్తారు), డిపాజిట్ ఎంత, శుభ్రం చేసే ఖర్చు ఎవరిది, ఒక రేవులో ఎక్కి ఇంకో రేవులో దిగితే అదనంగా ఎంత. వీఎన్ఎఫ్ టోలు మామూలుగా అద్దెలోనే కలిసి ఉంటుంది. సైకిళ్లు తప్పకుండా తీసుకోండి. రొట్టెల కొట్టుకు, పక్క ఊరికి వెళ్లాలంటే కాలువ గట్టు మీద సైకిలే దిక్కు.

"ఎనిమిది మందికి" అని రాసి ఉన్న పడవలో ఆరుగురు వెళ్తే హాయిగా ఉంటుంది. హాల్లోని సోఫాను రాత్రిపూట మంచం చేసి ఆ లెక్క చూపిస్తారు. అమ్మానాన్నలను తీసుకెళ్తుంటే మెట్లు తక్కువున్న పడవ, ముక్కు దగ్గర బో థ్రస్టర్ ఉన్న పడవ అడగండి. ఆ చిన్న మోటారు ముక్కును పక్కకు నెడుతుంది. కొత్తవాళ్లకు సగం టెన్షన్ దాంతోనే తగ్గుతుంది.

భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లకు షెంగెన్ వీసా కావాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి అప్లై చేయొచ్చు, కనీసం 15 రోజుల ముందైనా ఇచ్చేయాలి. 30,000 యూరోలకు తగ్గని వైద్య బీమా తప్పనిసరి. బస వివరాల దగ్గర కొందరు తికమకపడతారు. మీ బస పడవే కాబట్టి, ప్రయాణికులందరి పేర్లు, తేదీలు, ఎక్కే రేవు, దిగే రేవు రాసిన ఉత్తరం కంపెనీని అడిగి తీసుకోండి. దానికి ముందూ వెనకా ఉండే హోటల్ బుకింగులు కూడా జతచేయండి.

వంట సామాను

పడవ వంటగదిలో గ్యాస్ పొయ్యి, ఫ్రిజ్, గిన్నెలు ఉంటాయి. కానీ కరెంటు బ్యాటరీలది. మిక్సీ, రైస్ కుక్కర్ లాంటివి రేవులో కరెంటు ప్లగ్ పెట్టినప్పుడు తప్ప నడవవు. చిన్న ప్రెషర్ కుక్కర్ పెట్టుకోండి. కందిపొడి, కారప్పొడి, ఆవకాయ, చింతపండు సరే.

నెయ్యి మాత్రం వద్దు. యూరోపియన్ యూనియన్ బయటి నుంచి పాల పదార్థాలు, మాంసం ప్రయాణికుల సామానులో తేకూడదు. పచ్చి కరివేపాకు కూడా వద్దు, ఎండబెట్టి పొడి చేసుకు వెళ్లండి. నెయ్యి కావాలంటే అక్కడి సూపర్ మార్కెట్లో ఉప్పులేని వెన్న కొని కాచుకోవచ్చు. ఆ వెన్న చాలా బాగుంటుంది, పది నిమిషాల పని. బియ్యం అక్కడా దొరుకుతాయి. రోన్ నది డెల్టాలోని కమార్గ్‌లో వరి పండిస్తారు. సోనా మసూరి లేకపోతే ముద్ద దిగదు అనేవాళ్లు పారిస్ మీదుగా వెళ్తే లా షాపెల్ పేటలోని తమిళుల కొట్లలో కొనుక్కోవచ్చు.

పల్లెటూళ్లలో కొట్లు మధ్యాహ్నం మూస్తారు. ఆదివారం మధ్యాహ్నం నుంచి సోమవారం దాకా చాలావరకు తెరవరు. అద్దె పడవలు ఎక్కువగా శనివారం అప్పగిస్తారు కాబట్టి, ఎక్కిన సాయంత్రమే రెండు రోజుల సరుకులు తెచ్చుకోండి.

పడవ అప్పగించేటప్పుడు

ఎంత అలసటగా ఉన్నా ఆ గంట శ్రద్ధగా వినండి. ఒకరు వీడియో తీస్తే మంచిది. నీళ్ల ట్యాంకు ఎక్కడ నింపాలి, గ్యాస్ ఎక్కడ కట్టేయాలి, ఇంజన్‌కు వచ్చే నీళ్ల ఫిల్టర్ ఎలా శుభ్రం చేయాలి, టాయిలెట్ పంపు ఎలా నొక్కాలి: ఈ నాలుగూ మీరే చేసి చూపించి, సరేననిపించుకోండి. పడవ మీద ముందే ఉన్న గీతలన్నీ ఫోటో తీసి, ఫారంలో రాయించండి.

నడపడంలో మొదటి గంట వింతగా ఉంటుంది. పడవకు బ్రేకులు లేవు. ఆపాలంటే రివర్స్ గేరు వేయాలి, అప్పుడు కూడా ఇంకాస్త దూరం పోతుంది. స్టీరింగ్ తిప్పాక రెండు మూడు క్షణాలు ఏమీ జరగదు. అప్పుడు కంగారుపడి ఇంకా తిప్పేస్తే పడవ పాములా మెలికలు తిరుగుతుంది. కొంచెం తిప్పి, ఆగి, మళ్లీ మధ్యకు తెచ్చేయండి. ముక్కు ఎడమకు పోతే వెనక భాగం కుడికి జరుగుతుందని మరవొద్దు. రేవు నుంచి బయటపడేటప్పుడు వెనక భాగమే పక్క పడవలకు తగులుతుంది. ఇంజన్ తోస్తుంటేనే చుక్కాని మాట వింటుంది, గేరు తీసేస్తే గాలి ఎటు నెడితే అటే. కెనాల్ దు మిది సాగే ఔద్ ప్రాంతంలో సెర్స్ అనే పడమటి గాలి గట్టిగా వీస్తుంది. ఆ రోజు త్వరగా ఆగిపోవడమే తెలివి.

ఎదురు పడవ వస్తే కుడివైపు తప్పుకోండి. సరుకుల పడవకు ఎప్పుడూ దారి ఇవ్వాలి. చీకటి పడ్డాక అద్దె పడవ నడపకూడదు.

లాకు దాటడం

లాకులు వేసవిలో సాధారణంగా ఉదయం 9 నుంచి సాయంత్రం 7 దాకా, మధ్యలో భోజన విరామంతో పనిచేస్తాయి. పన్నెండు దాటాక వెళ్తే తలుపులు మూసే ఉంటాయి. మీరూ పడవ కట్టేసి అన్నం తినేయండి.

లాకు ముందు దీపాలు ఉంటాయి. ఎరుపు అంటే ఆగండి. ఎరుపు, ఆకుపచ్చ రెండూ కలిసి వెలిగితే లాకు సిద్ధమవుతోంది. ఆకుపచ్చ వస్తేనే లోపలికి. రెండు ఎరుపులు ఒకేసారి ఉంటే లాకు పనిచేయడం లేదని.

పైకి ఎక్కే లాకే కష్టం, అందుకే దాన్ని విడిగా చెబుతాను. లాకుకు కాస్త ముందే గట్టున చిన్న చెక్క రేవు ఉంటుంది. అక్కడ ఒకరిని దింపండి. గెంతొద్దు, అడుగు పెట్టి దిగాలి. వాళ్లు నడిచి లాకు పైకి వెళ్లి నిలబడతారు. పడవ మెల్లగా లోపలికి వస్తుంది. ముక్కు దగ్గరున్నవాళ్లు మోకు పైకి విసురుతారు. పైనున్నవాళ్లు దాన్ని ఇనుప గుంజ చుట్టూ ఒక చుట్టు తిప్పి, కొస మళ్లీ పడవలోకి ఇచ్చేస్తారు. వెనక మోకు కూడా అంతే. వెనక తలుపులు మూసుకుంటాయి. కాసేపు నిశ్శబ్దం. తర్వాత ముందు తలుపుల కింది నుంచి నీళ్లు పొంగుకొస్తాయి. గోధుమరంగు నీళ్లు సుడులు తిరుగుతూ ముక్కును తోస్తాయి. ఆ రెండు నిమిషాలే ముందు మోకు పట్టుకున్నవాళ్ల బలమంతా కావాలి. పడవ లేస్తున్న కొద్దీ వదులైన మోకు లాక్కుంటూ ఉండాలి. నీటి మట్టాలు సమం కాగానే అంతా సద్దుమణిగి, ముందు తలుపులు వాటంతట అవే తేలిగ్గా తెరుచుకుంటాయి.

కిందికి దిగడం తేలిక, కానీ ప్రమాదం అక్కడే ఎక్కువ. మోకు ముడి వేశారంటే నీళ్లు దిగుతుంటే పడవ గుంజకు వేలాడిపోతుంది. కాబట్టి ఎక్కేటప్పుడైనా దిగేటప్పుడైనా మోకు ఎప్పుడూ ముడి వేయకూడదు, చేత్తో పట్టుకునే ఉండాలి. దిగేటప్పుడు వదులుతూ రావాలి. చాకు ఒకటి అందుబాటులో ఉంచుకోండి. రెండోది, వెనక తలుపుల కింద నీళ్లలో ఒక రాతి గట్టు ఉంటుంది. నీళ్లు దిగాక అది బయటపడుతుంది. పడవ వెనక భాగం దాని మీద ఎక్కిందా, పడవ ఒరిగిపోతుంది. గోడ మీద గీత గీసి ఉంటుంది, దానికి ముందే ఉండండి.

చేతులతో, కాళ్లతో గోడను నెట్టడం అసలు వద్దు. పడవ బరువు టన్నుల్లో ఉంటుంది. పక్కలకు వేలాడే ఫెండర్లు (దెబ్బ కాచే దిండ్లు) ఉన్నది అందుకే. పిల్లలు, ఈత రానివాళ్లు లాకులో లైఫ్ జాకెట్ వేసుకుని కూర్చోవాలి.

కెనాల్ దు మిది లాకుల గోడలు తిన్నగా ఉండవు, కోడిగుడ్డు ఆకారంలో బయటికి వంగి ఉంటాయి. మొదట తిన్నగా కట్టిన గోడ మట్టి ఒత్తిడికి కూలిపోతే రికే ఈ ఆకారానికి మారాడు. మూడున్నర శతాబ్దాలుగా నిలబడే ఉన్నాయి. మనకు మాత్రం పడవ గోడకు పూర్తిగా ఆనదు, మోకులు సరిగ్గా పట్టుకోకపోతే అడ్డం తిరుగుతుంది.

చాలా లాకుల దగ్గర ఎక్లూజియే, అంటే లాకు కాపరి ఉంటాడు. ముందు బోంజూర్ చెప్పండి, తర్వాతే ఏదైనా అడగండి. కాపరి లేని లాకుల్లో పని మీదే. కొన్ని కాలువల్లో రిమోట్ ఇస్తారు, కొన్నిచోట్ల నీళ్ల మీద వేలాడే గెడను తిప్పాలి. లోపలికి వెళ్లాక గోడకున్న నీలం కడ్డీ ఎత్తితే లాకు పని మొదలవుతుంది. పక్కనున్న ఎరుపు కడ్డీ అత్యవసరంగా ఆపడానికి. ఎక్కడుందో పిల్లలకు కూడా చూపించండి, కానీ ముట్టుకోవద్దని చెప్పండి.

దారిలో

ఇందాక లెక్కేసిన కెనాల్ దు మిది దారి ఇలా ఉంటుంది: త్రెబ్‌లో ఎక్కగానే మూడు తొట్ల లాకు ఎదురవుతుంది. అక్కడి నుంచి అర్జాన్ దాకా సుమారు 34 కిలోమీటర్లు, ఇరవై తొట్లు. మన లెక్కలో పదకొండు గంటలు, రెండున్నర రోజులు పెట్టుకోండి. పుయిషెరిక్ దగ్గర ఎగ్వీ లాకులో నీళ్లు దిగేదాకా బోర్ కొట్టదు. ఒక లాకు కాపరి పాత ఇనుప సామానుతో చేసిన బొమ్మలు గట్టు పొడవునా నిలబడి ఉంటాయి. ఓంప్స్ దగ్గర ఆగి, సైకిల్ మీద ఓలోన్‌జాక్ మంగళవారం సంతకు వెళ్లి రండి.

అర్జాన్ దాటాక 54 కిలోమీటర్లు ఒక్క లాకు కూడా లేదు. కొండల వాలు పట్టుకుని కాలువ వంకరలు పోతుంది. స్టీరింగ్ పిల్లలకు ఇవ్వాలంటే (పక్కన పెద్దవాళ్లు ఉండి) ఇదే చోటు. ల సోమాయ్‌లో మూపు వంతెన, దాని దగ్గరే పాత పుస్తకాల పెద్ద షాపు. కాపెస్తాన్ వంతెన ఈ కాలువలో అన్నిటికన్నా ఎత్తు తక్కువది. గొడుగు మడవండి, సైకిళ్లు దించండి, అందరూ కూర్చోండి, కమాను సరిగ్గా మధ్యలోంచి పోనివ్వండి.

తర్వాత మాల్పా సొరంగం. 1679లో తవ్విన ఇది పడవల కోసం కాలువ మీద తవ్విన తొలి సొరంగంగా పేరుపడింది. పొడవు 160 మీటర్లు పైచిలుకు. ఒకేసారి ఒక పడవే పడుతుంది కాబట్టి హారన్ కొట్టి, అవతలి వెలుతురు చూసుకుని కదలండి. ఇక్కడ పడవ కట్టి ఆన్సెరూన్ కొండ ఎక్కితే కింద మొంతాది సరస్సు కనిపిస్తుంది. సరస్సంటే నీళ్లు లేవు. 13వ శతాబ్దంలో నీళ్లు తోడేసి పొలాలుగా మార్చారు. కాలువలన్నీ మధ్యలో ఒక చోట కలుస్తాయి కాబట్టి పొలాలు చక్రం ఆకుల్లా విడిపోయి ఉంటాయి. కొండెక్కే ఓపిక ఉంటే వదలొద్దు.

బెజియే ముందు ఫోన్సెరాన్ లాకుల మెట్లు. సుమారు 21 మీటర్ల ఎత్తు వరసగా దిగాలి. కిందికి వెళ్లే పడవలకు, పైకి వచ్చే పడవలకు వేర్వేరు వేళలుంటాయి. ముందురోజే కనుక్కుని ఆ వేళకు ఓ గంట ముందే చేరండి. గట్టు మీద యాత్రికులు ఫోన్లు పట్టుకుని మిమ్మల్నే చూస్తుంటారు. వాళ్లను పట్టించుకోకుండా మోకు చూసుకోండి.

రాత్రి మకాం

రేవులో అయితే కరెంటు, నీళ్లు, షవర్లు ఉంటాయి, డబ్బులు కట్టాలి. లేదంటే నిషేధం బోర్డు లేని చోట గట్టునే ఆగొచ్చు, లాకులకు, వంతెనలకు, మలుపులకు దూరంగా. పడవలో గూటాలు, సుత్తి ఉంటాయి. గూటం పడవ వైపు కాకుండా గట్టు వైపుకు వాలేలా కొట్టండి. మోకు నడకదారికి అడ్డంగా ఉండకూడదు, రాత్రి సైకిల్ మీద వచ్చేవాడు పడతాడు.

చెట్టుకు మాత్రం కట్టొద్దు. కెనాల్ దు మిది వెంట సుమారు 42,000 ప్లేన్ చెట్లు ఉండేవి. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికన్ సైన్యం తెచ్చిన మందుగుండు పెట్టెల చెక్కతో ఒక శిలీంధ్రం దక్షిణ ఫ్రాన్స్‌కు వచ్చిందంటారు. 2006లో అది ఈ కాలువ దాకా పాకింది. వేర్ల ద్వారా, పడవల మోకుల గాయాల ద్వారా చెట్టు నుంచి చెట్టుకు అంటుకుంటుంది. మందు లేదు. వేలాది చెట్లు నరికేశారు, వేరే జాతి మొక్కలు నాటుతున్నారు. ఫోటోల్లో కనిపించే ఆకుపచ్చ సొరంగం అన్నిచోట్లా ఉంటుందనుకుని వెళ్తే నిరాశపడతారు. నీడ లేని చోట పగలు టోపీ తప్పదు.

నదుల మీదికి వెళ్తే

కాలువలో ఓ వారం గడిపాకే నదుల మాట. సోన్ నది పై భాగం, 'లో' అనే మరో నది నెమ్మదిగా పారతాయి. రోన్ వడిగల నది, అద్దె కంపెనీలు సాధారణంగా దాని మీదికి పంపవు. నదిలో ప్రవాహం దిగువకు చూస్తూ నిలబడితే కుడి గట్టువైపు ఎరుపు గుర్తులు, ఎడమ గట్టువైపు ఆకుపచ్చ గుర్తులు ఉంటాయి. ఆనకట్ట దగ్గర దారి రెండుగా చీలుతుంది. లాకు వైపు బాణం చూసుకోకుండా కదలొద్దు. రేవులో ఆగేటప్పుడు ఎప్పుడూ ప్రవాహానికి ఎదురుగా రండి. వర్షం పడి నీళ్లు ఎర్రగా, కొమ్మలు కొట్టుకొస్తూ ఉంటే ఆ రోజు కదలకపోవడమే మంచిది. ఏ అత్యవసరానికైనా ఫోన్ నంబర్ 112. గట్టు మీద రాతి మీద ఉన్న కిలోమీటరు అంకె, దగ్గరి లాకు పేరు చెబితే వాళ్లు త్వరగా వస్తారు.

తిరిగి అప్పగించడం

చివరి రాత్రి దిగే రేవుకు గంట దూరంలోనే ఉండండి. ఉదయం 9 గంటలకు పడవ ఇచ్చేయమంటారు, లాకు తెరిచేదీ 9కే. ఈ రెండూ ఢీకొంటాయని చాలామందికి ముందురోజు సాయంత్రం దాకా తట్టదు. మధ్యలో లాకుంటే ముందురోజే దాటేయండి. గిన్నెలు కడిగి, చెత్త తీసేసి, ఇంజన్ గంటల మీటరు ఫోటో తీసుకోండి. డీజిల్ బిల్లు ఆ అంకె మీదే వేస్తారు. మొదటి రోజు తీసిన గీతల ఫోటోలు ఫోన్‌లో తెరిచి పెట్టుకుని, డిపాజిట్ వెనక్కి ఇస్తున్నట్టు కాగితం తీసుకున్నాకే తాళం ఇవ్వండి.